టర్బో దగ్గర పానా ఎక్కడ ఆగాలి

టర్బో ఉన్న కారులో పొగ వెళ్లే దారిన ఏదైనా భాగం పాడైతే ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా అని అడిగితే గోదావరి జిల్లాల్లో మూడు జవాబులు వస్తాయి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో కూర్చున్నాయన కంప్యూటర్ మీంచి తలెత్తకుండానే టర్బో మొత్తం సెట్టుగా మార్చాల్సిందే అంటాడు. హైవే పక్క షెడ్డులో మేస్త్రి చేతులు తుడుచుకుంటూ, "ఆయ్, కోర్ ఒక్కటేసేస్తే సరిపోద్దండి" అంటాడు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి దిగిన మేనల్లుడు ఫోన్లో వీడియో చూపించి, "ఒక్క పూట పని మావయ్యా, మనమే చేసేద్దాం" అంటాడు. ఈ మూడింటిలో ఏదీ పూర్తిగా తప్పు కాదు. ఒక్కొక్కరు ఆ దారిలో ఒక్కో ముక్కని మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నారు. ముక్కల్ని విడదీసి చూస్తే తప్ప ఇంట్లో ఏది చెయ్యొచ్చో తేలదు.

ఆ దారి ఇలా ఉంటుంది. ఇంజన్‌లో కాలిన గాలి హెడ్ దాటి ముందుగా పోత ఇనుప మేనిఫోల్డ్‌లోకి వస్తుంది. దానికి మూడు నాలుగు స్టడ్లతో టర్బో బిగించి ఉంటుంది. టర్బో అంటే వీపులు ఆనించి పెట్టిన రెండు నత్తగుల్లలు. ఒకదానిలో పొగ చక్రాన్ని తిప్పుతుంది. అదే షాఫ్ట్ మీద రెండో గుల్లలో ఉన్న చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజన్‌కి పంపుతుంది. గుల్లలు రెంటికీ నడుమ షాఫ్టూ బేరింగులూ ఉన్న ముక్కనే షెడ్లలో కోర్ అంటారు. దానికి పైనుంచి సన్నటి పైపులో ఇంజన్ ఆయిల్ వస్తుంది, కిందినుంచి లావుపాటి పైపులో ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ చాంబర్‌కి దిగిపోతుంది. టర్బో దాటాక డౌన్‌పైపు, క్యాటలిటిక్ కన్వర్టర్, అల్లిక తీగ చుట్టిన వంగే పైపు, చివరికి సైలెన్సర్. బీఎస్ 6 డీజిల్ బండ్లలో మసి పట్టే ఫిల్టర్, అంటే డీపీఎఫ్, అదనం.

సైలెన్సర్ దగ్గర మొదలుపెట్టి ఇంజన్ వైపు వస్తుంటే పని మెట్టు మెట్టుకీ కష్టమవుతుంది. ఇంట్లో చేసేవాడి పానా టర్బోకి ఇవతల, డౌన్‌పైపు కీలు దగ్గర ఆగాలన్నది నా అభిప్రాయం. కంపెనీవాళ్లకి ఇది మరీ వదులుగా, వీడియో మేనల్లుళ్లకి మరీ పిరికిగా అనిపించవచ్చు.

డెల్టాలో ఇంజన్ విప్పడం కొత్త విద్య కాదు. 1847లో గోదావరి ఆనకట్ట పని మొదలైన కాలంలోనే ధవళేశ్వరంలో వర్క్‌షాపు వెలిసింది. తర్వాత లంక పొలాలకి నీరు తోడే ఆయిల్ ఇంజన్లు, రైస్ మిల్లులు, లాంచీలు వచ్చాయి. పిస్టన్ రింగులు మార్చగలిగిన మనిషి ఊరికొకరైనా ఉండేవారు. కానీ పాత లిస్టర్ రకం ఇంజన్ నిమిషానికి 650 చుట్లు తిరిగేది. బేరింగు అరిగినా టకటకలాడుతూ ఆ దాళ్వా పంట గట్టెక్కించేది. చిన్న కారు టర్బో షాఫ్ట్ నిమిషానికి 2 లక్షల చుట్లు దాటుతుంది, అంటే సెకనుకి 3,300 పైచిలుకు. చాలా టర్బోల్లో ఆ షాఫ్ట్‌ని మోసేది గుండ్ల బేరింగు కాదు, పల్చటి ఆయిల్ పొర. ఆ పొర మందం మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు. ఆయిల్ ఇంజన్ దగ్గర అలవడిన ధైర్యం సైలెన్సర్ దాకా పనికొస్తుంది. షాఫ్ట్ దగ్గర అదే ధైర్యం బండికి చేటు.

టర్బో ఆలోచన పాతదే. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. కార్లలోకి 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్, షెవ్రోలె ద్వారా వచ్చింది. డీజిల్ కారుకి 1978లో మెర్సిడెస్ 300ఎస్‌డీతో చేరింది. మన మధ్యతరగతి ఇళ్ల ముందుకి విరివిగా రావడానికి మాత్రం 2007లో స్విఫ్ట్ డీజిల్ రావాల్సి వచ్చింది. అందులోని ఫియట్ 1.3 మల్టీజెట్ ఇంజన్ డిజైర్, రిట్జ్, ఇండికా విస్టా, పుంటో ఇలా ఎన్ని బండ్లలో చేరిందంటే కార్ల పిచ్చి ఉన్నవాళ్లు దానికి జాతీయ ఇంజన్ అని పేరు పెట్టారు. 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 అమల్లోకి రావడంతో మారుతి డీజిల్ కార్లు ఆపేసింది. కాబట్టి ఈ రోజు భీమవరంలోనో అమలాపురంలోనో టర్బో సమస్య అంటే ఎక్కువగా వారంటీ ఎప్పుడో దాటిపోయిన డిజైర్లు, ఇన్నోవాలు, బొలేరోల సమస్య. బండి ఖరీదు తగ్గుతూ వస్తోంది, కొత్త టర్బో ధర తగ్గడం లేదు. ఇంట్లో చేసుకుందామన్న ఆలోచన పుట్టేది ఈ లెక్కలోంచే.

అయితే పికప్ తగ్గిందంటే టర్బో పోయిందని అనుకోనక్కర్లేదు. గాలి వైపు రబ్బరు పైపు చీలినా, క్లిప్పు జారినా, టర్బోని అదుపు చేసే యాక్చువేటర్‌కి వెళ్లే సన్నటి వ్యాక్యూం పైపు పగిలినా ఇదే లక్షణం. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బుస్సుమనే చప్పుడు, రబ్బరు పైపు మీద తడి జిడ్డు కనిపిస్తే చాలావరకు లోపం అక్కడే దొరుకుతుంది. వీటిని ఇంట్లో నిక్షేపంగా మార్చుకోవచ్చు. పొగ వైపు సైలెన్సర్, దాని రబ్బరు హ్యాంగర్లు, వంగే పైపు కూడా ఇంటి పనే. వంగే పైపు కొన్ని బండ్లలో బోల్టులతో ఉంటుంది, కొన్నింట్లో వెల్డింగ్ ముక్క. వెల్డింగ్‌దయితే కోసి తీసి షెడ్డుకి పట్టుకెళ్లక తప్పదు. ఆ వెల్డింగ్ చేయించేముందు బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పమని మేస్త్రికి గుర్తుచెయ్యాలి, కరెంటు కంప్యూటర్ పెట్టెలోకి పోతే సైలెన్సర్ ఖర్చు దాని ముందు చిల్లర.

కిందికి దూరే పని కాబట్టి నేల గురించి ఒక మాట. మన పెరళ్లలో మన్ను ఒండ్రు, వాన పడితే జాకీ దిగబడిపోతుంది. గట్టి చెక్క పలక వేసి దాని మీద జాకీ, బండి లేచాక స్టాండ్లు, చక్రాలకి అడ్డు రాళ్లు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి ఎవరూ దూరకూడదు. కాలవ గట్టు వాలులో నిలిపిన బండి కింద అసలే వద్దు. పొగ లీకు వెతకడానికి ఇంజన్ ఆన్ చేసి ఉంచేటప్పుడు మూసిన పాకలో కాకుండా ఆరుబయట పెట్టాలి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

ఇక స్టడ్ల సంగతి. వీడియోల్లో కనిపించేదీ మన దగ్గర జరిగేదీ వేరయ్యేది ఇక్కడే. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వైపు సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. భీమవరం, ఆకివీడు, మొగల్తూరు చెరువుల నుంచి రొయ్యలు మోసే పికప్ బండ్ల తొట్టిలోంచి కారే నీళ్లలోనూ ఉప్పే. అది ఇనుప నట్టుని తినేస్తుంది, స్టెయిన్‌లెస్ అల్లిక తీగని కూడా గుంటలు గుంటలుగా కొరికేస్తుంది. దానికి వేడి తోడవుతుంది. డీజిల్ బండిలో పొగ వేడి 750 డిగ్రీలు దాటగలదు, పెట్రోల్ టర్బోలో 950కి పైగా. మారేడుమిల్లి ఘాట్ ఎక్కి వచ్చిన బండి మేనిఫోల్డ్‌ని చీకట్లో చూస్తే ఈ అంకెలు అర్థమవుతాయి. రోజూ అంత కాలి చల్లారే స్టడ్‌కీ నట్టుకీ మధ్య మర పదేళ్లలో ఒకే ముద్దగా మారిపోతుంది. పానా వేసి లాగితే నట్టు రాదు, స్టడ్ విరుగుతుంది.

విరగకుండా చెయ్యగలిగింది కొంత ఉంది. ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలించే నూనె పట్టించి రాత్రంతా నాననివ్వాలి, ఉదయం మళ్లీ పట్టించాలి. సగం అరిగిన ముఖాల మీద రింగు పానా కాకుండా ఆరు పలకల సాకెట్ వాడాలి. పావు చుట్టు విప్పి, వెనక్కి బిగించి, మళ్లీ విప్పుతూ పోవాలి. ఒకేసారి బలం పెట్టడం వద్దు. అప్పటికీ రాకపోతే నట్టుని గ్యాస్‌తో ఎర్రగా కాల్చాలి. అది ఇంట్లో పని కాదు, డీజిల్ పైపులూ వైర్లూ జానెడు దూరంలో ఉంటాయి. విరిగిన స్టడ్ మొన మిగిలితే దానిమీద నట్టు వెల్డింగ్ చేసి తిప్పుతారు. మొన కూడా మిగలకపోతే డ్రిల్లు వేసి తియ్యాలి. హెడ్ అల్యూమినియం అయితే డ్రిల్లు కాస్త పక్కకి జరిగినా మర పోతుంది, అప్పుడు కొత్త మర ఇచ్చే తీగ చుట్ట, అంటే హెలికాయిల్, వెయ్యాలి. పాలకొల్లులోనో రావులపాలెంలోనో లేత్ దగ్గర ఈ పని చేసే చేతులు ఉన్నాయి. కానీ బండి వాళ్ల దగ్గరికి ఎలా వెళ్తుంది? విప్పేసిన బండి కదలదు. సఖినేటిపల్లి వైపు లంక ఊళ్లో ఇలా ఇరుక్కుంటే దాన్ని పంటు ఎక్కించి నరసాపురం దాటించడానికయ్యే తిప్పలు స్టడ్ ఖరీదుకి ఎన్నో రెట్లు. ఇంట్లో పని మొదలుపెట్టేవాడు ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న ఇదేనని నాకనిపిస్తుంది: సగంలో ఆగితే బండి ఎలా వెళ్తుంది? డౌన్‌పైపు బోల్టు విరిగితే పెద్ద చప్పుడుతోనైనా నెమ్మదిగా షెడ్డు దాకా నడపొచ్చు. మేనిఫోల్డ్ స్టడ్ విరిగితే ఆ అవకాశం లేదు.

మేనిఫోల్డ్‌కీ టర్బోకీ మధ్య ప్యాకింగ్ పోయిందనడానికి గుర్తులు తేలిగ్గానే దొరుకుతాయి. పొద్దున్నే స్టార్ట్ చెయ్యగానే టిక్కుటిక్కుమని చప్పుడు, ఇంజన్ కాలాక అది తగ్గిపోవడం, కీలు చుట్టూ నల్లటి మసి చారలు. ఇనుము వేడికి వ్యాకోచించి సందు మూసుకుంటుంది గనక చప్పుడు ఆగుతుంది, రోగం తగ్గి కాదు. కొత్త ప్యాకింగ్ వేసేముందు మేనిఫోల్డ్ ముఖం మీద ఇనుప స్కేలు పెట్టి వంగిందేమో చూడాలి. వంగితే లేత్ మీద చదును చేయించాలి. అది చూడకుండా ప్యాకింగ్ మార్చినవాళ్లే మూడు నెలలకి మళ్లీ షెడ్డుకొచ్చి ప్యాకింగ్ నాసిరకమని తిడుతుంటారు. పాత స్టడ్లు, నట్లు మళ్లీ వాడకపోవడం, మాన్యువల్‌లో చెప్పిన కొలతకే టార్క్ పానాతో బిగించడం, ఇంజన్ ఒకసారి కాలి చల్లారాక మళ్లీ పరీక్షించడం కంపెనీ పుస్తకాలూ మంచి మేస్త్రులూ ఏకాభిప్రాయంతో చెప్పే సంగతులు.

అసలు ప్రమాదం మాత్రం పొగ వైపు లేదు, ఆయిల్ వైపు ఉంది. టర్బోలు తమంతట తాము చావడం అరుదు, వాటిని ఆయిల్ చంపుతుంది. చాలకపోయినా, మురికిదైనా, కిందికి దిగే దారి మూసుకుపోయినా అంతే. దీనికి యూరప్‌లో పెద్ద పాఠమే ఉంది. పెజో, సిట్రోయెన్, ఫోర్డ్ బండ్లలో వాడిన 1.6 హెచ్‌డీఐ డీజిల్ ఇంజన్‌లో ఇంజెక్టర్ల కింద వాషర్లు లీకై మసి ఆయిల్‌లో కలిసేది. ఆయిల్ చిక్కబడి టర్బోకెళ్లే దారిలోని చిన్న జల్లెడని మూసేసేది. టర్బో పోయేది. కొత్తది వేసేవారు, అదీ పోయేది. చాంబర్ విప్పి శుభ్రం చేసి, ఆయిల్ పైపు మార్చి, జల్లెడ చూసిన చోటే రెండో టర్బో నిలిచింది. మన దగ్గర అమ్ముడైన ఫోర్డ్ ఫిగో, ఎకోస్పోర్ట్ డీజిల్ ఇంజన్లు ఆ కుటుంబానివే. పాత టర్బో ఎందుకు పోయిందో తెలియకుండా కొత్తది బిగించడం అంటే రెండో టర్బోకి కూడా ముందుగానే డబ్బు కట్టడం.

అందుకే ఆయిల్ పైపు విప్పాల్సిన పని ఏదైనా షెడ్డుకే వదలాలంటాను. అయినా యజమాని అక్కడ నిలబడి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆయిల్ వచ్చే పైపుకి రెండు వైపులా రాగి వాషర్లు కొత్తవి వెయ్యాలి. పాత పైపు లోపల ఆయిల్ మాడి బొగ్గయి ఉంటే గాలి కొట్టినా పూర్తిగా పోదు, పైపే మార్చాలి. కీళ్ల దగ్గర సిలికాన్ జిగురు పూయనివ్వకూడదు. అది లోపలికి పిండుకుని ముక్కగా ఊడి సన్నటి దారిని మూసేస్తుంది. కొత్త టర్బోలో బిగించేముందే కాస్త శుభ్రమైన ఆయిల్ పొయ్యాలి. డీజిల్ అందకుండా చేసి, ఆయిల్ ఒత్తిడి వచ్చేదాకా సెల్ఫ్ తిప్పి, తర్వాతే స్టార్ట్ చెయ్యాలి. చేశాక రెండు మూడు నిమిషాలు అలా ఐడిల్‌లోనే వదలాలి. మొదటి పది సెకన్లలో "రైజ్ చేసి చూద్దామండీ" అనే కుర్రాడిని పక్కకి పంపేయాలి.

కోర్ ఒక్కటే మార్చాలన్న మేస్త్రి మాటకొస్తే, అందులో న్యాయం ఉంది. గుల్లలు బాగుంటే వాటిని పారేయడం వృథా. వేడి గుల్లలో సన్నటి వెంట్రుక పగుళ్లు కొన్నిటిని తయారీదారులే చూసీచూడనట్టు వదిలేస్తారు. కానీ కోర్‌ని ఎక్కువ వేగంతో తిప్పి బ్యాలెన్స్ చూసే మెషీన్ మీద పెట్టి పంపారా, లేక షెడ్డులోనే బేరింగ్ కిట్టు వేసి బిగించారా అన్నది అడగాలి. ఆ మెషీన్ పెట్టుకున్నవాళ్లు విజయవాడ లాంటి చోట్లే దొరుకుతారు. బ్యాలెన్స్ లేని కోర్ కొన్నాళ్లు విజిల్ కొడుతూ తిరుగుతుంది, తర్వాత ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది.

డెల్టా రోడ్లు టర్బోకి చేసే హాని మరో రకం. కత్తిపూడి నుంచి కాకినాడ, అమలాపురం మీదుగా పోయే 216 హైవే వదిలి లోపలికి వెళ్తే అంతా కాలవ గట్టు రోడ్లు, మలుపులు, ఊళ్లు. బండి రెండో మూడో గేరులో నాలుగైదు కిలోమీటర్లు పోయి ఆగుతుంది. పొగ సరిగ్గా వేడెక్కదు. రెక్కల కోణం మారే రకం టర్బోల్లో ఆ రెక్కల చుట్టూ మసి పేరుకుని అవి బిగుసుకుపోతాయి. బీఎస్ 6 బండ్లలో ఇంకో చిక్కు. డీపీఎఫ్‌లో పట్టిన మసి కాలిపోవాలంటే దాదాపు 600 డిగ్రీలు కావాలి. దానికోసం ఇంజన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది. బండి మధ్యలో ఆపేస్తే ఆ డీజిల్ కొంత సిలిండర్ గోడల మీంచి ఆయిల్‌లో కలుస్తుంది. గేజ్ కడ్డీ తీసి చూస్తే ఆయిల్ మట్టం పెరిగి ఉంటుంది. చూసినవాడు సంతోషిస్తాడు, కానీ పల్చబడిన ఆ ఆయిల్ మీదే షాఫ్ట్ తేలాలి. డీపీఎఫ్ మూసుకుపోతే వెనక ఒత్తిడి పెరిగి టర్బో సీళ్లు కూడా వదులుతాయి. అప్పుడు టర్బో మార్చినవాడు ఫలితాన్ని మార్చాడు, కారణాన్ని కాదు. అప్పుడప్పుడూ హైవే ఎక్కించి అరగంట నిలకడగా నడపడం, కంపెనీ చెప్పిన తక్కువ బూడిద రకం ఆయిలే వాడడం ఇంట్లోంచి చెయ్యగలిగిన అత్యుత్తమ టర్బో వైద్యం.

వరదలొస్తే లెక్క మారుతుంది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులు దాటి పారింది, కోనసీమ లంకల్లో కాజ్‌వేలు మునిగాయి. అలాంటి నీళ్లలోకి బండి దించినప్పుడు కాలుతున్న పోత ఇనుము మీద చన్నీళ్లు పడితే మేనిఫోల్డ్ పగిలే అవకాశం ఉంది. మునిగిన బండికి అంతకంటే ముఖ్యం, గేజ్ కడ్డీ మీద ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే తాళం తిప్పకపోవడం. ఒండ్రు కలిసిన ఆయిల్‌తో ఒక్కసారి స్టార్ట్ చేసినా మొదట దెబ్బ తినేది టర్బో బేరింగే.

చట్టం సంగతి క్లుప్తంగా. పాడైన భాగం స్థానంలో అదే రకం భాగం పెట్టుకోవడం ఎవరు చేసినా తప్పు కాదు. శబ్దం కోసమో పికప్ కోసమో కన్వర్టర్, డీపీఎఫ్ తీసేసి ఉత్త పైపు బిగించడం మాత్రం 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది. 2019 సవరణ తర్వాత యజమానికి ఒక్కో మార్పుకి రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. పొల్యూషన్ పరీక్షలో బీఎస్ 4, ఆ తర్వాతి డీజిల్ బండ్లకి పొగ 50 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు, అంతకు ముందువాటికి 65 దాటకూడదు. పాత కన్వర్టర్‌ని సామాన్లవాడికి కేజీల లెక్కన ఇచ్చేసేవాళ్లు అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయని గుర్తుంచుకోవాలి. తీసేయమని సలహా ఇచ్చినవాడి ఆసక్తి ఒక్కోసారి అక్కడే ఉంటుంది.

మిగిలింది ఈ ప్రశ్నలోని పెద్ద భాగం. షెడ్డుకే వదలాలన్నాను, కానీ షెడ్డు దగ్గర సరైన పనిముట్టు ఉందా? 2014 ఆగస్టు 25న కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద రూ.2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. అసలు విడిభాగాలు, రిపేరు పుస్తకాలు, తప్పు కనిపెట్టే స్కానర్లు బయటి మెకానిక్‌లకి అందకుండా చేస్తున్నారన్నది అభియోగం. కంపెనీలు కోర్టులకెక్కాయి. 2022 డిసెంబర్‌లో కేంద్రం రిపేరు హక్కు పోర్టల్ తెరిచి, అందులో వాహనాల్ని కూడా చేర్చింది. పాత డిజైర్‌కి ఇదంతా పెద్దగా అక్కర్లేదు, దాని టర్బోని చెవీ చెయ్యీ వాడి పట్టుకోవచ్చు. బీఎస్ 6 బండిలో టర్బో మార్చాక డీపీఎఫ్ మసి లెక్క చూడాలన్నా, నిలబెట్టి మసి కాల్పించాలన్నా, యాక్చువేటర్‌కి కొత్త కొలతలు నేర్పాలన్నా ఆ కంపెనీ స్కానరో దానికి సమానమైనదో కావాలి. రాజమండ్రిలో పెద్ద షెడ్లు కొన్ని అలాంటివి కొనుక్కుంటున్నాయి. రాజోలులో ఇద్దరు కుర్రాళ్లతో నడిచే షెడ్డుకి అది ఏడాది సంపాదన. అక్కడి మేస్త్రి మేనిఫోల్డ్ స్టడ్ విరగకుండా తీస్తాడు, కోర్ వేస్తాడు, ఆయిల్ ఒత్తిడి చూస్తాడు. మీటర్ మీద వెలిగే పసుపు దీపం ఆర్పడానికి మాత్రం బండిని నది దాటించమంటాడు.